రహీం సాహెబుగారు: వ్యాయామమును వినోదముగా మార్చిన ఉపాధ్యాయుడు

ప్రతిదినము సాయంకాలమున తుదిగంట మ్రోగగానే పాఠశాల మైదానమునందు రెండు తెగల బాలురు కానవచ్చుచుందురు. మొదటి తెగవారు పుస్తకముల సంచులను గోడప్రక్కన పడవైచి బంతివెంట పరుగిడుదురు. రెండవ తెగవారు ఆ సంచులకు కావలిగా కూర్చుందురు. మొదటివారు పదునొకండ్రు, మహాయున్న నిరువదియిద్దరు. రెండవవారు లెక్కకు మిక్కిలి. వ్యాయామము మంచిదని యెరుగని బాలుడు వీరిలో నొక్కడును లేడు. ఆరోగ్యశాస్త్రమున దానినిగూర్చి ప్రశ్న వచ్చెనేని సంచులు కాచిన బాలుడే యెక్కువ మార్కులు తెచ్చుకొనవచ్చును. కాబట్టి మన నిత్యజీవితమున వ్యాయామము నిలువకుండుటకు కారణము అజ్ఞానము గాదు. అది మనకు రుచింపకపోవుటయే.

రుచింపనిదానిని రుచింపజేయుట యెట్లు? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానము చెప్పిన యొక బడిపంతులుగారి చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపదలచితిమి. వారు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. హైదరాబాదువాసులు వారిని రహీం సాహెబని పిలిచెడివారు. భారతదేశపు ఫుట్‌బాలు జట్టును రెండు పర్యాయములు ఆసియా క్రీడలలో ప్రథమస్థానమునకు గొనిపోయిన శిక్షకులుగా లోకము వారినెరుగును. 2024లో వారి జీవితమును గూర్చి యొక హిందీ చలనచిత్రము గూడ వెలువడినది. అయినను మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచినది ఆ పతకములను గూర్చి కాదు. ఆ పతకములకు పూర్వము వారు పిల్లల నెట్లాడించిరో దానిని గూర్చి.

మన ఇందల్వాయి స్టేషనునుండి దక్షిణముగా సాగిపోవు రైలుదారి కామారెడ్డి, బొల్లారము, సికిందరాబాదుల మీదుగా కాచిగూడ చేరును. ఆ కాచిగూడయందలి మిడిల్ స్కూలులో రహీంగారు ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. నాడు మన నిజామాబాదు ప్రాంతమును, ఆ నగరమును ఒకే హైదరాబాదు రాజ్యమునకు చెందియుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు చదివి వారు పట్టభద్రులైరి. ఆ విద్యార్థి దశయందే విశ్వవిద్యాలయపు జట్టున ఫుట్‌బా లాడి పేరుగాంచిరి. ఆటలాడువానికి చదువు రాదనియు, చదువువానికి ఆట తగదనియు మనలో ననేకులు తలంచుచుందురు. రహీంగారు రెంటిని సమముగా సాధించి, ఆ పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి.

ఆ కాలమున పాఠశాలలలో శరీరశిక్షణమనగా నెట్లుండెనో నేటి బాలురకు కొంత చెప్పవలసియున్నది. పెక్కు చోటుల అది సైనికుల కవాతునకు చిన్న రూపము. పిల్లలు వరుసలుగా నిలిచి, మాస్టరుగారి కేకకు చేతులెత్తుటయు, దించుటయు, కుడివైపునకు తిరుగుటయు, ఎడమవైపునకు తిరుగుటయు దానిలోని ముఖ్యాంశములు. దేహమునకు దానివలన కొంత మేలు కలుగుట నిజమే. కాని గంట మ్రోగిన తరువాత ఇంటికిపోయి తనంతట తాను డ్రిల్లు చేసిన బాలుడెందైన నుండెనా? బలవంతముగా చేయించినది బలవంతము తీరిన క్షణముననే నిలిచిపోవును. ఈ లోపమును గుర్తించిన వారు కొందరు అప్పటికే మనదేశమున పనికి పూనుకొనియుండిరి. అమెరికా దేశస్థులైన హారీ క్రో బక్‌గారు 1920లో మద్రాసునందు వై.ఎం.సి.ఏ. పక్షమున వ్యాయామోపాధ్యాయులకై యొక విద్యాలయమును నెలకొల్పిరి. ఆటలును విద్యలో నొక భాగమేయను భావము అట్టి ప్రయత్నములవలన దక్షిణదేశమున వ్యాపింపసాగెను. రహీంగారును వ్యాయామవిద్యయందు డిప్లొమా పొంది, దారుల్ ఉలూం హైస్కూలునందును, చాదర్‌ఘాటు హైస్కూలునందును క్రీడాశిక్షణ భారమును వహించిరి.

1943 ప్రాంతమున వారు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి. ఆ పదవియందుండి వారు నగరమున నడపిన కొన్ని పోటీలే మా దృష్టిలో వారి జీవితమునకు తలమానికములు. వానిలో నొకటి బలహీనపాదపు పోటీ. ప్రతి మనుష్యునికిని ఒక కాలు వాటముగా నుండును, రెండవది యుండదు. కుడికాలి వాటముగలవాడు ఈ పోటీలో ఎడమకాలితోనే బంతిని తన్నవలెను. ఎడమకాలి వాటముగలవాడు కుడికాలితోనే తన్నవలెను. వాటమైన కాలితో తన్నినచో అది తప్పు. ఇంకొకటి డ్రిబ్లింగు లేని పోటీ. బంతిని తన పాదములవద్దనే త్రిప్పుకొనుచు, ఎదుటివారి నొక్కొక్కరిని తప్పించుకొనుచు ముందుకు పోవుటకే డ్రిబ్లింగని పేరు. ఈ పోటీలో అది నిషిద్ధము. బంతి తన కందిన వెంటనే దానిని తోడివాని కందింపవలసినదే.

ఈ నియమములను రహీంగా రేల కల్పించిరి? ఆటగాండ్రకు రెండు పాదములును సమముగా లొంగవలెననియు, వేగముగా బంతి నందించుకొను నేర్పు కలుగవలెననియు వారి యుద్దేశము. అది నెరవేరినది. కాని ఆ నియమములవలన మరియొక మేలును గలదని మాకు తోచుచున్నది. పాఠకులు ఆ మైదానము నొక్కసారి మనస్సున నూహించుకొనవలెను. ఊరిలోకెల్ల మేటియైన ఆటగాడు ఎడమకాలితో బంతిని తన్నబోయి తప్పి వెల్లకిల పడును. అందరును నవ్వుదురు, వాడును లేచి నవ్వును. అంతవరకు వానికి వెరచి యొదిగియుండిన బక్కబాలుడు, వీడును మావంటివాడే గదా యని ధైర్యము తెచ్చుకొనును. ఎవరి బలహీనపాదమైనను బలహీనపాదమే గావున, ఆ దినమున మేటియు లేడు, చేతగానివాడును లేడు, అందరును నేర్చుకొనువారే. ఇక డ్రిబ్లింగు లేని ఆటయందు బంతిని తనవద్దనే యుంచుకొనుట కెవ్వరికిని వీలులేదు. అది చేతులు మారు పుల్కాపళ్ళెమువలె అందరియొద్దకును వచ్చితీరును. ఆటలో ఒక్కసారియైన బంతి తన పాదమునకు తగిలిన బాలుడు మరునాడు మరల వచ్చును. ఎన్నడును తగులనివాడు మూడవనాటికి సంచులు కాయుటకు పోవును.

మరియొక సంగతియు గమనింపదగినది. వాటమైన కాలితో నేర్పు పెరుగుట మెల్లగా జరుగును. ఇదివరకే నేర్చినది గనుక. ఎన్నడును వాడని కాలితో నిన్నటికంటె నేడు, నేటికంటె రేపు నేర్పు హెచ్చుట కన్నులకు కట్టినట్లు కనబడును. తన యభివృద్ధి తనకు కనబడుటకంటె బాలునికి మించిన సంతోషము లేదు. ఈ సంతోషమే అభ్యాసమునకు ఆహారము. రహీంగారు శిక్షణవిషయమున మిక్కిలి కచ్చితమైనవారు. ఆలస్యమును గాని అలసత్వమును గాని వారు సహించెడివారు కారు. కావున వ్యాయామమును సుఖప్రదము చేయుటయనగా నియమములను సడలించుటయని యెవ్వరును భ్రమపడరాదు. వారు నియమములను తీసివేయలేదు. అందరికిని అవకాశ మిచ్చునట్టి నియమములను పెట్టిరి. ఆనందము ఆ నియమములనుండియే పుట్టెను.

ఇట్టి మైదానములనుండి వెలువడినవారిలో తులసీదాస్ బలరాంగారొకరు. వీరు సికిందరాబాదునకు సమీపమందలి అమ్ముగూడ నివాసులు, బీదకుటుంబమున జన్మించినవారు. బాల్యమున బూట్లు కొనుటకు శక్తిలేక, పోలీసువారు పారవేసిన పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత బూట్లు చేయించుకొనిరని చెప్పుకొందురు. హైదరాబాదునందు జరుగు శిక్షణకు ప్రతిదినము వచ్చుటకు వారికి బండిఖర్చులు లేకపోగా రహీంగారు సైకిలు సదుపాయము కలుగజేసిరట. అటుపిమ్మట బలరాంగారు 1956, 1960 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలందు దేశము పక్షమున ఆడి కీర్తిగాంచిరి; 2023లో కాలధర్మము నొందిరి. బాలుడు మైదానమునకు రాకుండుటకు సోమరితనమే కారణమని మనము సులువుగా తీర్మానింతుము. దారిఖర్చు లేకపోవుటయు, బూట్లు లేకపోవుటయు, రమ్మని పిలిచినవారు లేకపోవుటయు కారణములు కావచ్చును. మంచి గురువు మొదట ఆ యడ్డంకి యేదో కనుగొనును.

1950లో రహీంగారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరము మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ జట్టు నాడు బొంబాయియందు జరుగుచుండిన రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారతజట్టు శిక్షణభారము వారికప్పగింపబడెను. తుదిపోటీలో మనవారు ఇరాన్ జట్టును ఒక గోలు తేడాతో నోడించి స్వర్ణపతకము నందుకొనిరి.

విజయముతోపాటు పరాజయమును గూర్చియు చెప్పకున్న చరిత్రము సంపూర్ణము గానేరదు. మరుసటి సంవత్సరము, అనగా 1952లో, హెల్సింకి నగరపు ఒలింపిక్ క్రీడలందు మనవారు యుగోస్లావియా జట్టు నెదుర్కొనిరి. మనవారిలో ననేకులు బూట్లు లేక వట్టి పాదములతో ఆ చలిదేశమున ఆడిరి. ఎదుటివారు 10 గోలులు చేయగా మనవారు ఒక్కటి మాత్రమే చేయగలిగిరి. అంతటి యోటమి తరువాత మరియొకరైనచో అదృష్టమును నిందించి యూరకుందురు. రహీంగారు దానిని పాఠముగా గ్రహించిరి. మన దేశపు పోటీలు ఆ దినములలో పూర్తి తొంబది నిమిషములు సాగెడివి కావు. అంతర్జాతీయపు టాట తొంబది నిమిషములది. చివరివరకు పరుగిడుటకు కావలసిన దమ్ము, అలవాటుచేతగాని రాదు. బూట్లు ధరించి యాడుట ఆ పిమ్మట మనదేశమున తప్పనిసరి చేయబడెను.

నాలుగు సంవత్సరములు గడచినవి. 1956లో మెల్బోర్న్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలందు రహీంగారి శిష్యులు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4 గోలులకు 2 గోలుల తేడాతో నోడించిరి. ఆ నాలుగింటిలో మూడు నెవిల్ డిసౌజాగారివి. ఒలింపిక్ ఫుట్‌బాలున ఉపాంత్యపోటీని చేరుకొన్న ప్రథమ ఆసియా జట్టు మనదే. తుదకు నాల్గవస్థానము లభించినది. ఆ కాలముననే హైదరాబాదు జట్టు 1956, 1957 సంవత్సరముల సంతోష్ ట్రోఫీ పోటీలందు జయము నొందెను. 1960లో రోము నగరమున మనవారు బలవంతులైన ఫ్రెంచివారితో సమముగా నిలిచిరి.

1962లో ఇండోనేషియా దేశమందలి జకార్తా నగరమున నాల్గవ ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీంగారికి క్యాన్సరు వ్యాధి సోకియుండెను. దేహము సహకరింపకున్నను వారు జట్టుతో పయనమై పోయిరి. మొదటి పోటీలోనే మనవారు దక్షిణకొరియా చేతిలో 2 గోలుల తేడాతో నోడిపోయిరి. అటుపిమ్మట థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును వరుసగా జయించి తుదిపోటీకి చేరిరి. ఎదురుగా మరల ఆ దక్షిణకొరియా జట్టే నిలిచినది. రాజకీయ కారణములచేత అచటి ప్రజలు భారతీయులపై కోపముతో నుండిరి. సుమారు లక్షమంది ప్రేక్షకుల కేకల నడుమ మనవారు ఆడవలసివచ్చెను. రక్షకశ్రేణియం దాడు జర్నయిల్ సింగుగారికి థాయిలాండు పోటీలో తలకు గాయమై కుట్లు పడియుండెను. రహీంగారు వారిని విశ్రాంతి తీసుకొమ్మని పంపక, ముందువరుసలో నిలిపి ఆడించిరి. పి.కె. బెనర్జీగారొక గోలును, తలకు కట్టుతో నున్న జర్నయిల్ సింగుగారొక గోలును చేయగా మనవారు 2 గోలులకు 1 గోలు తేడాతో గెలిచిరి. ఆ తరువాత నేటివరకును ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము మనదేశమునకు మరల లభింపలేదు.

వెనుకటి వరుసలోనివానిని ముందునకు తెచ్చి గెలిపించుట చూచినవారికి వింతగా తోచియుండును. కాని ఎడమకాలితో గోలుచేయించు పోటీలను నడపిన ఉపాధ్యాయునికి అది వింతగాదు. మనుష్యుని దేహమున నిద్రించుచున్న శక్తి యొకటి యెప్పుడును మిగిలియుండునని నమ్మి జీవించినవారు వారు. జకార్తానుండి తిరిగివచ్చిన తరువాత యేడాదియైనను గడువకమునుపే, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, 54వ యేట, రహీంగారు పరమపదించిరి.

ఇక వారి జీవితమువలన మనము నేర్చుకొనదగిన దేమి? మనయందరికిని ఆసియా పతకములు రావు; రావలసిన పనియు లేదు. బలహీనపాదపు పోటీ యందరికిని వచ్చును.

ఒకప్పుడు మన ప్రాంతపు బాలునికి వేరుగా వ్యాయామము చెప్పవలసిన యవసరము లేకుండెను. వాడు పసులను తోలుకొనిపోయెడివాడు, బావినీరు తోడెడివాడు, కాలినడకను బడికి వచ్చెడివాడు. చెరకు నరకు దినములలో తండ్రికి సాయపడెడివాడు. నేడు ఆటోయందో మోటారు సైకిలు వెనుకనో కూర్చుండి బడికి వచ్చి, బల్లపై కూర్చుండి చదివి, ఇంటికేగి సెల్‌ఫోను చేతబట్టి మరల కూర్చుండును. ఇది మన గ్రామమునకు మాత్రమే పట్టిన దోషము గాదు. ఐదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఊపిరి వేగిరపడునట్లు దేహమును కదలింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పదునొకండు మొదలు పదునేడేండ్ల వయస్సుగలవారిలో లోకమంతటను ప్రతి యైదుగురియందు నలుగురు ఆ మాత్రమును చేయుటలేదని 2019లో ప్రకటింపబడిన లెక్కలు తెలుపుచున్నవి. ఆ నలుగురిలో బాలికలే యధికము. ఇట్లు కదలనివారికి గుండెయు, ఎముకలును తగినంత గట్టిపడవు. రాత్రి నిద్ర సరిగా పట్టదు. చదువునందు మనస్సు నిలుచుటయు కష్టమగును.

తలిదండ్రులారా! పరీక్షల సంవత్సరమున మొట్టమొదట కత్తిరింపబడునది ఆటల గంటయే. మీ యాందోళనము మాకు తెలియును; మేమును అట్లే చేసితిమని యొప్పుకొనుచున్నాము. వ్యాయామోపాధ్యాయుడు సెలవుపై నున్న దినమున ఆ గంటను లెక్కలకో ఇంగ్లీషునకో అప్పగించి, పిల్లలకు మేలు చేసితిమని సంతసించితిమి. కాని సాయంకాలము ఒక గంటకాలము ఆడినవాడు రాత్రి దీపమువద్ద మేలుకొని చదువునంతగా, దినమెల్ల కూర్చుండినవాడు చదువుట మేము చూడలేదు. మీ కుమార్తెలను గూర్చియు ఒక్కమాట. ఇంటిపని చేయుచున్నది గదా, చాలునని సమాధానపడకుడు. పని వేరు, ఆట వేరు. నవ్వుచు పరుగిడు హక్కు ఆడపిల్లకును గలదు.

విద్యార్థులారా! మీలో సంచులు కాయువారినే మేము ముఖ్యముగా పిలుచుచున్నాము. మాకు ఆట రాదని మీరందురు. రానివారికొరకే రహీంగారు నియమములను మార్చిరి. వారమున కొకదినమున మన మైదానమునందు బలహీనపాదపు ఆటను పెట్టుకొందము. మరియొకదినమున బంతిని మూడు క్షణములకంటె నెక్కువ యెవ్వరును తమవద్ద నుంచుకొనరాదని నియమము చేయుదము. ఇద్దరు మేటి యాటగాండ్రు కోరుకొని జట్టులను విభజించు పద్ధతిని విడుతము. అందు చిట్టచివర మిగులు బాలుని ముఖము చూచి మాకెన్నో మారులు కష్టము తోచినది. చీట్లు వేసి జట్టులు చేయుదము. ఫుట్‌బాలు రుచింపనివారు కబడ్డీయో, తాడాటయో, స్టేషనువరకు వడిగా నడకయో యేదైన నొకటి కోరుకొనవచ్చును. రుచించునదానినే కోరుకొనుడు, ఒక స్నేహితుని వెంట బెట్టుకొనుడు, దినమున కొక్క వేళనే నియమించుకొనుడు. ఈ మూడును కుదిరినచో మరునాడు మిమ్మెవ్వరును బలవంతపెట్టనక్కరలేదు.

రేపు సాయంకాలము తుదిగంట మ్రోగినప్పుడు సంచులను గోడప్రక్కన నుంచుడు. వానికి కావలి యక్కరలేదు. వాని నెవ్వరును దొంగిలింపరు. మీరు మైదానమునకు రండు, ఎడమకాలితో తన్నుడు, తప్పి పడుడు, లేచి నవ్వుడు. ఉపాధ్యాయులమైన మేమును వచ్చెదము. మా యెడమకాళ్ళును మీ వానికంటె నెక్కువ చదువుకొన్నవి కావు.